ఎన్95, మొదటి ఐఫోన్: మా కొట్లో ఒక కనుమ సాయంత్రం

పాలకొల్లులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక మొబైల్ మెకానిక్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం.

పుస్తకాల పండగలో ఫోన్ల సంగతేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఒకప్పుడు పొద్దున్నే ఈ హాల్లో పేపరు కోసం కాచుకు కూర్చున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు అదే పేపరు ఇంట్లో ఫోన్లో చదువుతున్నారు. ఆ పేపరు ఫోన్లోకి ఎక్కిన రోజుల్ని నేను కౌంటర్ వెనక కూర్చుని చూశాను. 2002 నుంచి ఈ ఊళ్లోనే ఫోన్లు బాగుచేస్తున్నాను. నా చేతుల మీదుగా వెళ్లిన వాటి గురించే చెబుతాను.

మొన్న ఒక ఇంటర్ కుర్రాడు డిస్‌ప్లే మార్పించుకోవడానికి వచ్చాడు. పని అయ్యేదాకా షోకేసులో ఉన్న పాత ఫోన్లు చూస్తూ, ఒకటి చూపించి "ఇది డబ్బా ఫోనా అంకుల్?" అని అడిగాడు. అది నోకియా ఎన్95. 2007లో అమ్మకానికి వచ్చింది. దానికి 5 మెగాపిక్సెల్ కెమెరా ఉంది, జీపీఎస్ ఉంది, వైఫై ఉంది, 3జీ ఉంది, వీడియో శుభ్రంగా తీస్తుంది అని చెప్పాను. "అయితే స్మార్ట్‌ఫోనే కదా" అన్నాడు. దాని పక్కనే ఉన్న మొదటి ఐఫోన్ చూపించాను. ఇదీ 2007దే. కెమెరా 2 మెగాపిక్సెళ్లు, జీపీఎస్ లేదు, 3జీ లేదు, వీడియో తీయదు అన్నాను. వాడు రెండింటినీ మార్చి మార్చి చూసి, "మరి ఇదెలా గెలిచింది?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. ఆ రోజు గిరాకీ ఉండి తీరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాడు ఇవాళ ఇక్కడే ఉన్నాడు.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. స్మార్ట్‌ఫోన్ 2007లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఐబీఎం కంపెనీ 1994లోనే సైమన్ అనే ఫోన్ అమ్మింది. తెర మీద తాకి నంబరు నొక్కాలి. ఈమెయిల్, ఫ్యాక్స్, క్యాలెండర్ ఉండేవి. బరువు అరకిలో. మాట్లాడుతూ ఉంటే బ్యాటరీ గంట సేపు వచ్చేది. 1996లో నోకియా కమ్యూనికేటర్ వచ్చింది. పుస్తకంలా తెరిస్తే లోపల కంప్యూటర్ కీబోర్డు. తర్వాత బ్లాక్‌బెర్రీలు, పామ్ ట్రియోలు వచ్చాయి గానీ అవి మన వైపు పెద్దగా రాలేదు. మన చేతికి బాగా వచ్చింది 2003 నాటి నోకియా 6600. సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉండేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని లోపల సింబియన్ అనే సాఫ్ట్‌వేర్ నడిచేది, బయటి నుంచి ప్రోగ్రాములు ఎక్కించుకోవచ్చు. ఎన్95 కూడా ఆ ఇంటిదే. కాబట్టి ఈ రోజు నేను పక్కపక్కన పెట్టి చూపించేది బటన్ల కాలంలోని ఖరీదైన ఫోన్లనీ, వేలితో తాకే కాలంలో ముందుగా వచ్చిన ఫోన్లనీ.

మన వైపు ఖరీదైన ఫోన్ షాపులోకి రాకముందే సూట్‌కేసులో దిగేది. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు లేని వీధి మన గోదావరి జిల్లాల్లో ఉండదు కదండీ. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చేటప్పుడు కొడుక్కో తమ్ముడికో ఫోన్ తెచ్చేవాళ్లు. నోకియా ఎన్73, సోనీ ఎరిక్సన్ వాక్‌మన్ ఫోన్లు, కత్తిలా పల్చగా ఉండే మోటోరోలా రేజర్... హైదరాబాద్‌లో వాడేవాళ్లకంటే వెనకేమీ పడకుండా పాలకొల్లు, నరసాపురం, రాజోలు కుర్రాళ్ల జేబుల్లోకి వచ్చేశాయి. అక్కడ ఇళ్లలో పనిచేసి దాచుకున్న జీతంలోంచి ఒక తల్లి పంపిన ఫోన్ బల్ల మీద పెట్టి, "అన్నా, జాగ్రత్త" అని కొడుకు చెప్పినప్పుడు స్క్రూ విప్పడానికి కూడా చెయ్యి ఆచితూచి వేసేవాణ్ణి.

ఆ ఫోన్లతో ఒక ప్రత్యేకమైన పని ఉండేది. గల్ఫ్ మార్కెట్‌కి తయారైన ఫోన్ల బటన్ల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు అచ్చువేసి ఉండేవి. మనవాళ్లకి అది చూడ్డానికి అడ్డంగా ఉండేది. "కీప్యాడ్ మార్చెయ్యండి" అని వచ్చేవాళ్లు. పైప్యానెల్ ఊడదీసి, అరబ్బీ కీప్యాడ్ తీసి, ఇంగ్లీషుది కూర్చోబెట్టి, మళ్లీ బిగించేవాణ్ణి. వారానికి రెండో మూడో ఇవే. ఈ కీప్యాడ్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

2008 కనుమ రోజు సాయంత్రం. ఊరంతా కోడిపందేల హడావుడిలో ఉంది. నేను షట్టర్ సగం దించి కూర్చున్నాను. మా వీధి మామ్మగారి మనవడు అమెరికా నుంచి వచ్చాడు, చేతిలో ఐఫోన్. మన దేశంలో అప్పటికి అది అమ్మకానికే లేదు. అక్కడ కూడా ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ సిమ్‌తోనే నడిచేలా కట్టేసి అమ్మేవాళ్లు. ఇతను సాఫ్ట్‌వేర్‌తో లాక్ తీయించి తెచ్చాడు. నా సిమ్ వేస్తే సిగ్నల్ గీతలు వచ్చాయి. అదే సమయానికి అతని చిన్నప్పటి క్లాస్‌మేట్, దుబాయ్ నుంచి వచ్చిన కుర్రాడు, ఎన్95తో అక్కడే ఉన్నాడు. ఇంకేముంది, నా కౌంటర్ మీద ఫోన్ల పందెం మొదలైంది.

మొదట ఫొటో. ఎదురు కొట్టు బోర్డును రెండింటితోనూ తీశాం. ఎన్95 ఫొటోలో బోర్డు కింద ఉన్న ఫోన్ నంబరు చదవగలిగాం. ఐఫోన్ ఫొటోలో ఆ అంకెలు అలుక్కుపోయాయి. తర్వాత వీడియో. ఐఫోన్‌లో అసలు లేదు. తర్వాత బ్లూటూత్‌లో పాట పంపడం. ఎన్95 నా ఫోన్‌కి పంపేసింది, ఐఫోన్ బ్లూటూత్ హెడ్‌సెట్‌కి తప్ప పాటలు పంపుకోవడానికి పనికిరాలేదు. మెమరీ కార్డు వేద్దామంటే సందు లేదు. వచ్చిన మెసేజ్‌ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేద్దామంటే ఆ ఏర్పాటే లేదు. ఒక ముక్క కాపీ చేసి ఇంకోచోట పెట్టడం కూడా లేదు. చివరికి మేడ మీదకెక్కి ఆకాశం కనిపించే చోట ఎన్95 జీపీఎస్ ఆన్ చేశాం. కాసేపు కాచుకున్నాక 16.5 డిగ్రీల ఉత్తరం, 81.7 డిగ్రీల తూర్పు దగ్గర మన ఊరి చోటు చూపించింది. అరచేతిలో పట్టే వస్తువు పైనున్న ఉపగ్రహాల్ని పలకరించి, నువ్వు పాలకొల్లులో ఉన్నావని చెప్పడం నేను చూడ్డం అదే మొదలు. ఒళ్లు జలదరించింది.

పందెం ఎన్95 వైపే తేలిపోయింది. అంతలో మామ్మగారు మనవణ్ణి భోజనానికి పిలవడానికి వచ్చారు.

దుబాయ్ కుర్రాడు ముచ్చటపడి ఆవిడకి ఎన్95తో ఫొటో తీసి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఏది నొక్కితే ఏమవుద్దో, నువ్వే ఉంచు నాయనా" అని ఇచ్చేశారు. మనవడు తన ఫోన్లో పాప ఫొటో తెరిచి ఇచ్చాడు. మునిమనవరాలన్నమాట. "ఇలా వేలితో జరుపు మామ్మా" అన్నాడు. జరిపారు, జరగలేదు. గిన్నెలు తోముకుని వచ్చారేమో, వేలు తడిగా ఉంది. పమిట చెంగుతో తుడుచుకుని మళ్లీ జరిపారు. ఫొటో వేలితో పాటే పక్కకి వెళ్లి, ఇంకో ఫొటో వచ్చింది. మూడో ఫొటో నుంచి ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. రెండు వేళ్లు విడదీస్తే పెద్దదవుతుందని ఒక్కసారి చూపించాడు. పాప మొహం దగ్గర రెండు వేళ్లు పెట్టి విడదీసి, ఒక పక్కకి జరిపి, తల పైకెత్తి అడిగారు. "ఇంకా చెవులు కుట్టించలేదేంట్రా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పన్నెండు బటన్లూ, తెర కింద ఉండే రెండు సాఫ్ట్ కీలూ, ఆప్షన్లలోకి వెళ్లి జూమ్ నొక్కడం నేర్పడానికి నేను ఎంతమంది దగ్గర ఎన్ని గంటలు కూర్చున్నానో నాకు తెలుసు. ఆవిడకి ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఆ మాట చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది, రెండో సంగతీ చెప్పాలి. మనవడు, "ఇప్పుడు హైదరాబాద్‌లో బాబాయికి ఫోన్ చెయ్యి మామ్మా" అన్నాడు. ఆవిడ తెర మీద వెతికి వెతికి వదిలేశారు. కళ్లజోడు ఇంటి దగ్గర ఉంది. నడుం దగ్గరున్న సంచిలోంచి నోకియా 1100 తీసి, చూడకుండానే 5 మీద ఉండే చిన్న బొడిపెని బొటనవేలితో తడిమి, అక్కణ్ణుంచి 2 మీదకి వెళ్లి నొక్కి పట్టుకున్నారు. అవతల ఫోన్ మోగింది. "ఆయ్, నేనే. మీ వాడు ఇక్కడే ఉన్నాడు, మాట్లాడు" అన్నారు.

ఆ రెండూ ఒకే పది నిమిషాల్లో నా కళ్లముందు జరిగాయి. ఆ ఇంటర్ కుర్రాడి ప్రశ్నకు జవాబు ఆ పది నిమిషాల్లోనే ఉంది.

ఫొటో వేలితో పాటు ఎందుకు కదిలిందో చెబుతాను. ఎన్95 తెర 2.6 అంగుళాలు, అడ్డంగా 240, నిలువుగా 320 చుక్కలు. అంటే 76,800 చుక్కలు. ఐఫోన్ తెర 3.5 అంగుళాలు, 320 బై 480. అంటే 1,53,600. సరిగ్గా రెట్టింపు. బటన్లకి పోయే చోటంతా తెరకే ఇచ్చేశారు. ఇక తాకడం. తాకే తెరలు అంతకుముందూ ఉన్నాయి, కానీ ఎక్కువగా రెసిస్టివ్ రకం. రెండు పల్చటి పొరలు, మధ్యలో కొంచెం సందు. పైపొరని నొక్కితే కింద పొరకి తగిలి, ఎక్కడ తగిలిందో ఫోన్‌కి తెలుస్తుంది. గోరుతో గానీ పుల్లతో గానీ నొక్కాలి. రెండు వేళ్లు ఒకేసారి పెడితే దానికి అర్థం కాదు. 2008 చివర్లో వచ్చిన నోకియా 5800 ఈ రకమే, దాంతో పాటు పుల్ల కూడా ఇచ్చేవాళ్లు. ఐఫోన్‌ది కెపాసిటివ్ రకం. అద్దం కింద కనిపించని సన్నటి విద్యుత్ గళ్లు ఉంటాయి. మన ఒళ్లు కరెంటుని తనలోంచి పోనిస్తుంది కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ గడిలోని చార్జి కొంచెం మారుతుంది. నొక్కక్కర్లేదు, తాకితే చాలు. రెండు మూడు వేళ్లు పెట్టినా దేనికదే తెలుస్తుంది. నీళ్లు కూడా చార్జిని మారుస్తాయి గనుక, తడి వేలంటే దానికి గందరగోళం. మామ్మగారి పమిట చెంగు కథ అదే.

ఇప్పుడు కీప్యాడ్ దగ్గరికి వద్దాం. 2007 జనవరి 9న ఐఫోన్‌ని చూపిస్తూ ఆపిల్ కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్ గట్టిగా పట్టుకున్న విషయం ఇదే. అప్పటి ఫోన్లలో బటన్లు ప్లాస్టిక్‌లో అచ్చుపోసి ఉంటాయి, పని ఏదైనా అవే బటన్లు, ఫోన్ అమ్మేశాక ఇంకో కొత్త ఆలోచన వస్తే బటన్ కలపలేరు అన్నారు. ఆ ఉపన్యాసం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. చూస్తుంటే నాకు గల్ఫ్ ఫోన్ల అరబ్బీ కీప్యాడ్లే గుర్తొచ్చాయి. అక్షరం మార్చడానికి నేను స్క్రూడ్రైవర్ పట్టాల్సి వచ్చేది. తెర మీద గీసిన బటన్‌కి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఈ రోజు ఇంగ్లీషు, రేపు అరబ్బీ, ఎల్లుండి తెలుగు. ఎన్95లో ఉన్నవన్నీ లెక్కపెట్టినప్పుడు ఈ ఒక్కటీ మా లెక్కలోకి రాలేదు. ఎందుకంటే అది పెట్టె మీద రాసే గుణం కాదు.

ప్రోగ్రాముల సంగతీ అంతే. సింబియన్‌లో ప్రోగ్రాములు ఎక్కించుకోవచ్చన్నాను కదా. ఎలా ఎక్కించేవాళ్లమో ఈ పిల్లలకి తెలియాలి. నెట్ సెంటర్‌లో సిస్ ఫైల్, అంటే సింబియన్ ప్రోగ్రాం ఉండే ఫైల్, దించుకుని, కార్డ్ రీడర్‌లో మెమరీ కార్డు పెట్టి కాపీ చేసి, ఫోన్లో తెరిస్తే "సర్టిఫికెట్ ఎక్స్‌పైర్డ్" అని వచ్చేది. అప్పుడు ఫోన్లో తారీఖు ఒక ఏడాది వెనక్కి తిప్పి, ప్రోగ్రాం ఎక్కించి, మళ్లీ తారీఖు ముందుకి తిప్పాలి. పైగా నోకియాకి ఎక్కేది సోనీ ఎరిక్సన్‌కి ఎక్కదు. రెండు కంపెనీల స్మార్ట్‌ఫోన్లలోనూ సింబియనే, పైన వేసిన తొడుగు వేరు. ఒకదానిది ఎస్60, రెండోదానిది యూఐక్యూ. అదంతా తెలిసినవాళ్లం మేమే కాబట్టి పాటలు, గేములు, డిక్షనరీలు ఎక్కించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లు. మా ఆదాయంలో అది మంచి భాగం.

2008 జూలైలో ఆపిల్ తన యాప్ స్టోర్ తెరిచింది. మొదటి రోజు 500 ప్రోగ్రాములు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ మొదటి ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్, దాని వెంట ఆండ్రాయిడ్ మార్కెట్ వచ్చాయి. ఫోన్ పట్టుకున్నవాడే నొక్కి దించుకుంటాడు, మధ్యలో నా అవసరం లేదు. మా సంపాదనకి దెబ్బ తగిలినా, అది జరగాల్సిందేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఒక పల్లెటూరి కుర్రాడు తన ఫోన్లో ఏముండాలో తను తేల్చుకోవడానికి ఇంకొకడి కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. ఇంకో సంగతి, కొన్న ఫోన్ ఇంట్లో ఉండగానే మెరుగుపడటం. కనుమ రోజు కాపీ చేయడం రాని ఆ ఐఫోన్‌కే 2009 జూన్‌లో సాఫ్ట్‌వేర్ ద్వారా అది వచ్చింది. ఎన్95కి కూడా అప్‌డేట్లు ఇచ్చారు, నిజమే. కానీ కేబుల్, కంప్యూటర్, నెట్ మూడూ ఒకచోట దొరికే ఇళ్లు అప్పుడు మన వైపు ఎన్ని ఉన్నాయి? ఐఫోన్‌కీ మొదట్లో కంప్యూటర్ కావాల్సిందే, అదీ చెప్పాలి. ఫోన్ దానంతటదే గాల్లోంచి అప్‌డేట్ చేసుకోవడం మనకి ఆండ్రాయిడ్‌తో అలవాటైంది.

మన చోటు గురించి ఒక మాట. ఎన్95కి 3జీ ఉండటం, మొదటి ఐఫోన్‌కి లేకపోవడం అప్పట్లో బయటి దేశాల్లో చర్చ. పాలకొల్లులో ఆ తేడా మాకు తెలియనేలేదు, ఎందుకంటే ఇక్కడ 3జీనే లేదు. ప్రైవేటు కంపెనీల 3జీ వేలం జరిగిందే 2010లో. వైఫై కూడా అంతే. ఫోన్ ముందు వచ్చింది, దానికి కావాల్సిన దారి మూడు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. ధర సంగతి సరేసరి. 2008 ఆగస్టు 22న ఐఫోన్ 3జీ మన దేశంలో అధికారికంగా విడుదలైనప్పుడు 8 జీబీది 31,000 రూపాయలు. వచ్చి చూసి వెళ్లినవాళ్లే తప్ప కొన్నవాళ్లని నేను చూడలేదు. గోదావరి పల్లెల్లోకి టచ్ ఫోన్ నిజంగా దిగింది చవక ఆండ్రాయిడ్‌లతో, 2011, 2012 సంవత్సరాల్లో.

అవి దిగాక నన్ను బాధపెట్టింది తెలుగు. ఫోన్లో పేపరు తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు, వరసగా ఖాళీ డబ్బాలు. అన్ని వేలు పోసి కొన్న ఫోన్‌కి అమ్మ భాష రాదు. దానికి మేం కనిపెట్టిన ఉపాయం కాదుగానీ, మాకు దొరికిన ఉపాయం ఒకటుండేది. ఓపెరా మినీ బ్రౌజర్‌లో అడ్రస్ రాసే చోట ఓపెరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, లోపల బిట్‌మ్యాప్ ఫాంట్స్ అన్న దగ్గర యెస్ పెడితే, అవతలి సర్వర్ తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపేది. పేజీ నెమ్మదిగా వచ్చేది, అయినా చదవడానికి వచ్చేది. దాన్ని ఒక కాగితం మీద రాసి కౌంటర్ అద్దానికి అంటించాను. ఈ లైబ్రరీకి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఆ కాగితం చూసి ఫోన్ సరిచేయించుకుని, మా కొట్లోనే నిలబడి ఒక వార్త మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఫాంట్లు ఫోన్లలోనే వచ్చేశాయి, తెర మీద తెలుగు కీబోర్డు వచ్చింది. ఆ కీబోర్డు పెట్టడానికి నేను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

పోయినవాటి గురించి కూడా అంతే మనసుపెట్టి చెప్పాలి, ఎందుకంటే అవి చిన్నవి కావు. రొయ్యల చెరువుల వాళ్లు ఈ సభలో ఉన్నారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ, కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. ఆ చీకట్లో గట్టు మీద నిలబడి, తడి చేతులతో, జనరేటర్ కుర్రాడికి ఫోన్ చేయాలి. 1100కి పైన టార్చి ఉండేది, ఒక్క బటన్ నొక్కి పట్టుకుంటే వెలిగేది. బటన్ తడి చేతికీ పలుకుతుంది, చూడకపోయినా పలుకుతుంది. మొదటి ఐఫోన్‌కి ఫ్లాష్ లైటే లేదు. అద్దం తడి వేలికి పలకదు. చెరువు గట్టు మీద ఇప్పటికీ చొక్కా జేబులో చిన్న బటన్ ఫోన్, ప్యాంటు జేబులో పెద్ద ఫోన్ పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

రెండోది బ్యాటరీ. బీఎల్-5సీ అంటే మన ఊళ్లో కిళ్లీకొట్టువాడికి కూడా తెలుసు. 1100కీ అదే, 6600కీ అదే. గోరుతో వెనక మూత తీసి, పాతది తీసి కొత్తది పెట్టుకోవడం పదేళ్ల పిల్లాడు కూడా చేసేవాడు. ఎన్95 బ్యాటరీ 950 ఎంఏహెచ్, సాయంత్రానికి అయిపోయేది. ఆ విషయంలో ఖరీదైన ఫోన్లు ఐఫోన్ రాకముందే దిగజారాయి. కానీ ఇంకో బ్యాటరీ జేబులో పెట్టుకుని తిరిగే వీలుండేది. మొదటి ఐఫోన్‌లో మూతే లేదు. లోపలికి వెళ్తే బ్యాటరీ వైర్లు బోర్డుకి సోల్డర్ చేసి ఉంటాయి. నేను మొదటిసారి విప్పినప్పుడు కాసేపు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. వస్తువు కొన్నవాడి చేతిలోంచి దాన్ని విప్పే హక్కు జారిపోవడం ఆ రోజు మొదలైందని నాకు అనిపించింది. సముద్రపు గాలి, ఉప్పు తేమ ఉండే మన ప్రాంతంలో ఫోన్ తరచూ విప్పి, బోర్డు బ్రష్‌తో కడిగి ఆరబెట్టాల్సి వస్తుంది. విప్పడానికి వీల్లేని ఫోన్ మనలాంటి చోటికి ఎక్కువ భారం.

నోకియా గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో 2006లో మొదలైన వాళ్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫోన్లు నా బల్ల మీద లెక్కలేనన్ని విప్పాను. 2014 నవంబర్ 1న అక్కడ పని ఆగిపోయింది. ఆ వార్త కొట్లో కూర్చుని చదివాను. వాళ్ల దగ్గర ఇంజనీర్లు లేకనో, కెమెరా బాగోకనో కాదు. వాళ్ల సాఫ్ట్‌వేర్ తక్కువ మెమరీ, చిన్న తెర, బటన్లు ఉన్న రోజుల్లో వాటికి సరిపడేలా అల్లింది. వేలికి సరిపడేలా దాన్ని తిరిగి అల్లేలోపు కాలం దాటిపోయింది.

ఆ రెండు ఫోన్లూ తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. దుబాయ్ కుర్రాడు తన ఎన్95ని, మామ్మగారి మనవడు తన ఐఫోన్‌ని తర్వాత్తర్వాత నా దగ్గరే వదిలేశారు. ఎన్95కి కొత్త బ్యాటరీ దొరికింది, వేసి తెచ్చాను. నానో సిమ్‌ని అడాప్టర్‌లో పెట్టి వేశాను, సిగ్నల్ ఉంది, ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఐఫోన్ చార్జర్ తగిలించి ఉంటేనే వెలుగుతుంది, అందుకే గోడ దగ్గర పెట్టాను. అందులో పాప ఫొటోలు అతని అనుమతితో అలాగే ఉంచాను. మామ్మగారి 1100 కూడా వాళ్ల ఇంట్లో అడిగి తెచ్చాను. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి చూడండి. ముందు కళ్లు మూసుకుని, 1100 మీద 5 ఎక్కడుందో బొటనవేలితో వెతకండి.